గిటారు యంత్రములోని స్పీకరు పెట్టె

(మన సంఘ భవనమున జరిగిన యువజన విభాగ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



పాఠశాలలలో తెలుగు తరగతులను గూర్చియు, జనాభా లెక్కలలో మాతృభాషను తప్పక వ్రాయించుకొనుటను గూర్చియు ఈ వేదికపై మేము పలుమార్లు మాట్లాడియున్నాము. నేడు గిటారును గూర్చి, అందులోను గిటారు వాయించు పిల్లలు కాలిదగ్గర పెట్టుకొను ఒక యంత్రములోని ఒక్క మీటను గూర్చి మాట్లాడబోవుచున్నాము. సంఘమునకు ఈ గొడవ యేల అని కొందరు పెద్దలకు తోచవచ్చును. కార్యవర్గము ముందు రెండు అర్జీలున్నవి. రాబోవు ఉగాది ఉత్సవములో గిటారు, డ్రమ్ములు వలదని పెద్దల అర్జీ ఒకటి. వాద్యబృందమునకు విదేశపు పెద్ద యాంప్లిఫయరును, దానికి తగిన స్పీకరు పెట్టెను, అదిగాక కంప్యూటరులో కొనదగిన ‘స్పీకరు ధ్వనులను’ కొనియిండని యువకుల అర్జీ మరియొకటి. ఈ రెండు అర్జీలును ఒకే మీటను ఎరుగకపోవుటవలన పుట్టినవని మా అభిప్రాయము. రెంటిని త్రోసివేయవలెనని కోరుటకే నేడు నిలుచున్నాము.

మేము సంగీత విద్వాంసులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవారము. అయితే మా తండ్రిగారి కాలమునుండి ఈ హోసూరులో పెండ్లిండ్లకు, జాతరలకు, సభలకు మైకుసెట్లు అద్దెకిచ్చుచు, అమ్ముచు బ్రతుకుచున్నాము. ధ్వని చెడినప్పుడు మొదట తిట్లు తినునది వాయించువాడు కాదు, పాడువాడు కాదు, మైకుసెట్టువాడు. కనుక ధ్వని ఎచ్చట చెడునో కనిపెట్టుట మాకు చదువు కాదు, పొట్టకూటి విద్య.

విద్యుత్ గిటారులో తంతుల క్రింద పికప్పు అను అయస్కాంతపు చుట్ట యొకటి యుండును. తంతి కదలినపుడు ఆ కదలికను అది విద్యుత్తుగా మార్చును. యాంప్లిఫయరు దానిని పెంచును. స్పీకరు దానిని మరల గాలిలోనికి వదలును. ఇది అందరెరిగినదే. ఎరుగనిదేమనగా, మన మైకుసెట్టు స్పీకరు వేరు, గిటారు స్పీకరు వేరు. మైకుసెట్టు స్పీకరు తనకిచ్చినదానిని ఉన్నదున్నట్లు వినిపింపవలెను. ఉపన్యాసకుని గొంతు ఉపన్యాసకుని గొంతువలెనే యుండవలెను. గిటారు స్పీకరు పని అది కాదు. అది జల్లెడ. తనకు నచ్చినదానిని పోనిచ్చి, నచ్చనిదానిని ఆపివేయును. కొంత తనదిగా చేర్చును కూడ.

బొబ్బిలి వీణను మనలో చూచినవారున్నారు. ఒకే పనస దుంగను తొలిచి చేయు ఏకాండి వీణ మన తెలుగువారి గర్వకారణము. ఆ వీణ తంతులను ఊడదీసి రెండు మేకుల నడుమ బిగించి మీటినయెడల ఏమి వినబడును? సన్నని గీరుడు వినబడును. తంతి అదియే, శ్రుతి అదియే. లేనిది కుండ. వీణకు పనస కుండ ఎట్టిదో విద్యుత్ గిటారుకు స్పీకరు పెట్టె అట్టిది. అది గిటారునుండి విడిపోయి, తీగ చివర గదిలో ఒక మూల కూర్చున్నది గనుక అది వాద్యములోని భాగమని మనకు తోచదు. అంతియే భేదము.

ఈ పెట్టెలలో పేరుపడినవి మూడునాలుగు ఉన్నవి. వాటి పేర్లు యువకుల యంత్రములలో నేటికిని కనబడుచుండును గనుక చెప్పుచున్నాము. అమెరికాలో ఫెండరు కంపెనీవారు 1959 నాటికి బాస్‌మన్ అను యాంప్లిఫయరును నాలుగు పది అంగుళముల జెన్సెన్ స్పీకర్లతో, వెనుకభాగము తెరచియుంచి అమ్ముచుండిరి. లండనులో జిమ్ మార్షల్ అను వాద్యముల వర్తకుడు (మనవంటి అంగడివాడే, డ్రమ్ములు నేర్పుచు డ్రమ్ములమ్మినవాడు) తన అంగడికి వచ్చు కుర్రవారి కోరికపై ఆ బాస్‌మన్ ఏర్పాటును అనుసరించియే 1962లో తన యాంప్లిఫయరును చేయించెను. స్పీకర్లు మాత్రము సెలెస్టియన్ కంపెనీవి, పండ్రెండు అంగుళములవి నాలుగు, వెనుక పూర్తిగా మూసిన వేరు పెట్టెలో బిగించెను. లోపలి విద్యుత్ ఏర్పాటు రెంటిలోను ఇంచుమించు ఒకటే. అయినను మార్షల్ ధ్వని వేరు, ఫెండరు ధ్వని వేరు అని లోకమంతయు గుర్తించినది. ఆ భేదములో పెద్ద పాలు పెట్టెది, స్పీకరుది. వెనుక తెరచిన పెట్టె ధ్వనిని వెనుకకును వదలి గదినంతయు నింపును. మూసిన పెట్టె ధ్వనిని ముందుకే నెట్టి అడుగుస్వరమునకు గ్రుద్దినట్టి బలమునిచ్చును. ఇంగ్లండులోనే వాక్స్ కంపెనీవారి ఏసీ 30 అను పెట్టెలో రెండు సెలెస్టియన్ నీలపు స్పీకర్లు గలవు. బీటిల్స్ బృందమువారి మొదటి పాటలలో వినవచ్చు గలగల అదియే. మార్షల్ వారి నాలుగు స్పీకర్ల పెట్టె బరువు నేటికిని సుమారు 36 కిలోలు. మా అంగడి కూలీలు దాని పేరు చెప్పిన మొగము త్రిప్పుకొందురు.

ఆ జల్లెడ కన్నుల కొలత కూడ చెప్పవలెను. 22 మెట్ల గిటారులో అన్నిటికంటె క్రింది స్వరము క్షణమునకు 82 కంపనములు, అన్నిటికంటె పై స్వరము ఇంచుమించు 1,175 కంపనములు. గిటారు స్పీకరు సుమారు 75 మొదలు 5,000 కంపనముల వరకు పలికి, ఆ పైన నిట్టనిలువుగా పడిపోవును. స్వరములు 1,175 దగ్గరనే ఆగినవి గదా, 5,000 పైన ఏమున్నదని అడుగవచ్చును. యాంప్లిఫయరును గట్టిగా పెంచి గరగరలాడించునపుడు ఆ స్వరములకు పై పై గుణకములు పుట్టి 10,000, 15,000 వరకు పోవును. గిటారు స్పీకరు ఆ కొసలను కత్తిరించివైచును. మిగిలిన గరగర చెవికింపుగా నుండును. మైకుసెట్టులోని ట్వీటరు అట్లు కత్తిరింపదు. 15,000 వరకు ఉన్నదంతయు చెవిలో పోయును. పెట్టె ధ్వని లేకుండ గిటారు విద్యుత్తును నేరుగా మైకుసెట్టుకు కలిపినపుడు తేనెపట్టును కదలించినట్టి రొద వినబడుటకు కారణమిదియే.

మరియొక మాట. మనము సినిమాపాటలలోను, విదేశపు రికార్డులలోను విను గిటారు ఒట్టి పెట్టె ధ్వని కూడ కాదు. పెట్టె ముందు మైకు పెట్టి పట్టిన ధ్వని. షూర్ కంపెనీవారి ఎస్.ఎమ్. 57 అను మైకు 1965లో వచ్చినది. నేటికిని పెట్టెల ముందు అదియే ఎక్కువగా కనబడును. ఆ మైకును స్పీకరు నడిబొడ్డుకు ఎదురుగా పెట్టిన ధ్వని పదునుగా నుండును. రెండంగుళములు ప్రక్కకు జరిపిన మెత్తబడును. అంచుకు జరిపిన మసకబడును. రెండంగుళముల జరుపులో గిటారు ఒకటి పోయి మరియొకటి వచ్చినట్లుండును. కాబట్టి మనము ‘మంచి గిటారు ధ్వని’ యనునది తంతి, యాంప్లిఫయరు, స్పీకరు, పెట్టె, మైకు, మైకు నిలిపిన చోటు ఇన్నిటి కూడిక.

ఇప్పుడు ఈ పెట్టె యంత్రములోనికి ఎట్లు దూరినదో చెప్పుదుము. బోస్టన్ అను బృందపు గిటారు వాద్యకుడును, ఇంజనీరును అయిన టామ్ షోల్జ్ 1982లో రాక్‌మన్ అను చిన్న డబ్బాను తెచ్చెను. నడుమునకు తగిలించుకొని హెడ్‌ఫోనులో గిటారు వినవచ్చును. న్యూయార్కులో ఆండ్రూ బార్టా 1989లో సాన్స్‌ఆంప్ అను పెడలును చేసెను. వీటిలో జల్లెడపనిని మామూలు విద్యుత్ భాగములే చేయుచుండెను. 1998లో లైన్ 6 కంపెనీవారి పాడ్ అను చిక్కుడుగింజ ఆకారపు ఎర్ర యంత్రము వచ్చి, లెక్కలతోనే యాంప్లిఫయరును, పెట్టెను అనుకరించుట సామాన్యుని యింటికి చేర్చెను. వీటినే నేడు మోడలర్లు అనుచున్నారు. ఆ తొలినాటి పెట్టెధ్వనులు కొంచెము డబ్బాలో మాట్లాడినట్లుండెడివి. యంత్రములకు బలము చాలదు, జ్ఞాపకశక్తి చాలదు. ‘లోపలి పెట్టెలు పనికిరావు’ అను మాట ఆనాడు పుట్టినది. నాడు అందులో నిజమున్నది. యంత్రము మారినను మాట మారకుండుటయే మన చిక్కు.

మార్పు తెచ్చినది ఇంపల్స్ రెస్పాన్సు అను పద్ధతి. యువకులు ఐ.ఆర్. అందురు. వినుటకు కఠినముగా నున్నను ధాన్యపు వర్తకులకు సులభముగా తెలియును. మచ్చు చూచి మూటను కొనుట మనకు అలవాటు గదా? స్పీకరు పెట్టెకు కూడ మచ్చు తీయవచ్చును. ఒక క్షణములో వేయవవంతు కంటె తక్కువ కాలము ‘టక్’ మను ధ్వనిని ఆ పెట్టెకిచ్చి, ఎదుట మైకు పెట్టి, పెట్టె ఎట్లు బదులు పలికెనో, ఎంతసేపు మ్రోగి ఆగెనో పట్టుకొనవలెను. ఆ బదులే మచ్చు. ‘టక్’ మనుట చాల చిన్నది గనుక దానికి బదులు క్రిందనుండి పైకి జారు ఒక కూతను వినిపించి లెక్కతో మచ్చును రాబట్టు ఉపాయమును ఇటలీ దేశపు ఏంజెలో ఫరీనా 2000లో ప్రకటించెను. నేడు విస్తారముగా వాడుకలో నున్నది ఆ పద్ధతి.

ఇక యంత్రము చేయునదేమి? గిటారు విద్యుత్తును క్షణమునకు 48,000 తునకలుగా కోయును. ప్రతి తునకయు ఒక చిన్న ‘టక్’ అనుకొని, దాని బలమును బట్టి ఆ మచ్చు బదులును పలికించి, అన్ని బదులులను ఒకదానిపై నొకటి కూడును. మచ్చు పొడవు 2,048 తునకలైనయెడల, కాలములో అది క్షణమునకు ఇరువదిమూడవ భాగము మాత్రమే. అయినను సూటిగా లెక్కించిన క్షణమునకు 9 కోట్ల 83 లక్షల గుణకారములు! కూలీ, ట్యూకీ అను ఇరువురు అమెరికా గణితవేత్తలు 1965లో ప్రకటించిన లెక్కతో ఈ బరువు చాల తగ్గినది. కాని అందుకు కొంతసేపు ఆగి తునకలను ప్రోగుచేసికొనవలసి వచ్చెడిది. వాయించువాడు మీటిన వెంటనే వినబడని వాద్యమెవనికి కావలెను? ఆ జాగు లేకుండ చేయు మార్గమును విలియమ్ గార్డనరు 1995లో చూపెను. 2006లో అమెరికాలో ఫ్రాక్టల్ కంపెనీవారి ఆక్స్ ఎఫ్‌ఎక్స్, 2011లో జర్మనీలో కెంపర్, 2015లో లైన్ 6 వారి హెలిక్స్, 2020లో ఫిన్లండులో ప్రకటింపబడిన క్వాడ్ కార్టెక్స్, ఇట్లు యంత్రములు వరుసగా వచ్చినవి. వీటిలోని లోపలి పెట్టెలు ఊహించి చేసినవి కావు. నిజమైన పెట్టెల ముందు నిజమైన మైకులు పెట్టి తీసిన మచ్చులు. సెలెస్టియన్ కంపెనీవారే 2017లో తమ స్పీకర్ల మచ్చులను అమ్ముట ప్రారంభించిరి. స్పీకర్లమ్మువాడు స్పీకరు నీడను కూడ అమ్ముకొనుచున్నాడు. వర్తకులుగా మెచ్చుకొనవలసినదే!

ఇప్పుడు గత ఉగాది సంగతికి వత్తుము. ఎవరిపేరును చెప్పము. మనవారి పిల్లవాడొకడు, బెంగుళూరులో ఉద్యోగము చేయుచు ఆదివారములలో వచ్చి మన బాలబాలికలకు ఉచితముగా పాట నేర్పువాడు, మోడలరును తెచ్చి వేదికపై కూర్చున్నాడు. అంతకు ముందు వారము తన స్నేహితుల యింట నిజమైన గిటారు స్పీకరు పెట్టెతో అభ్యాసము చేసినాడు. పెట్టె ఎదుట నున్నది గనుక యంత్రములోని పెట్టెను ఆపివేసినాడు. అది సరియే. అదే అమరికతో ఇచ్చట తీగను నేరుగా మైకుసెట్టుకు కలిపినారు. ఆనాటి మైకుసెట్టు వేరొకరిది. వారును అడుగలేదు, ఇతడును గమనింపలేదు. ‘శ్రీసూర్యనారాయణా’ అని ముసలివారు మేలుకొలుపులు పాడుకొను మన భవనములో ఆ రొద పది నిమిషములు మ్రోగినది. ముందు వరుసలోని అవ్వ లిద్దరు చెవులు మూసికొని లేచిపోయిరి. తరువాత ఆ పిల్లవానితో అన్న మాటలు ఇచ్చట చెప్పదగినవి కావు. అతడు ఆ దినమునుండి మన భవనమునకు రాలేదు. ఆదివారపు పాట తరగతియు ఆగినది. అందులో పదునొకండుగురు పిల్లలు తెలుగు అక్షరములు నేర్చుకొన్నది ఆ పాటల పుస్తకములోనుండియే యని వారి తల్లులకు తెలియును.

అయ్యలారా, ఆనాడు చెడినది గిటారు కాదు, ఆ పిల్లవాడు కాదు. ఒక మీట ఆగియున్నది. దానిని నొక్కుటకు ఒక క్షణము చాలును. ఆ క్షణము వెచ్చించువారు లేక మన సంఘము ఒక ఉపాధ్యాయుని పోగొట్టుకొన్నది.

దీనికి ప్రతిగా మరియొక దోషము కలదు. యంత్రములోని పెట్టెను నడుపుచునే దానిని నిజమైన గిటారు స్పీకరు పెట్టెకు కలుపుదురు. అప్పుడు రెండు జల్లెడలు. మొదటి జల్లెడలో పడినదే రెండవ జల్లెడలో మరల పడును. గిటారు కంబళి కప్పుకొని పాడినట్లుండును. మొన్న మన యువకులు అభ్యాసములో ‘ఈ యంత్రమునకు ప్రాణము లేదు, విదేశపు యాంప్లిఫయరు కొనవలెను’ అని నిశ్చయించుకొన్నది ఈ కంబళి ధ్వనిని వినియే. మేము వెళ్ళి చూచితిమి. లోపలి పెట్టె నడుచుచున్నది. అంతేకాదు, యంత్రములో ఒక యాంప్లిఫయరును ఎన్నుకొని, దానిని మరల నిజమైన యాంప్లిఫయరు ముందు రంధ్రములో గ్రుచ్చినారు. వెనుక ‘రిటర్న్’ అను రంధ్రముండును. అందులో గ్రుచ్చి, లోపలి పెట్టెను ఆపినంతనే చిరంజీవులు ఒకరి మొగము నొకరు చూచుకొనిరి.

కాబట్టి నియమము ఒక్కటే. ధ్వని కడకు ఎందులోనుండి వచ్చుచున్నదో చూడవలెను. మైకుసెట్టు, హెడ్‌ఫోను, కంప్యూటరు రికార్డింగు అయినయెడల లోపలి పెట్టె నడువవలెను. గిటారు స్పీకరు పెట్టె అయినయెడల లోపలి పెట్టె ఆగవలెను. వేదికపై వెనుక గిటారు పెట్టెయు, సభకు మైకుసెట్టును రెండును ఉన్నయెడల, మంచి యంత్రములలో రెండు దారులు విడదీయు సదుపాయము కలదు. పెట్టెకు ముందునుండి ఒక తీగ వెనుకకు, పెట్టెకు తరువాతినుండి ఒక తీగ మిక్సరుకు.

ఇక కొనుగోలు విషయము. కంప్యూటరులో అమ్ము మచ్చుల మూటలు కొన్ని వందలనుండి రెండుమూడు వేల రూపాయల వరకు ఉన్నవి. ఒక్కొక్క మూటలో వందలకొలది మచ్చులు. అదే పెట్టె, అదే స్పీకరు, మైకు అరంగుళము జరిపినది ఒకటి, మరి అరంగుళము జరిపినది మరియొకటి. మన యువకుడొకడు రాత్రి పదింటికి వినుటకు కూర్చుండి తెల్లవారువరకు ఏది మంచిదో తేల్చుకొనలేక, ఆ వారమంతయు ఒక్క పాటయు అభ్యసింపలేదని వాని తల్లిగారు మాతో చెప్పుకొన్నారు. చీరల అంగడిలో నూరు చీరలు పరపించిన కొనుగోలుదారు తుదకు మొదటి చీరనే తీసికొనునని మనమెరుగుదుము. మచ్చులమ్మువారు మోసగాండ్రని మేము అనుట లేదు. పాటలను రికార్డు చేసి జీవించువారికి అవి కావలసియుండవచ్చును. మన భవనమునకు వలదు.

లోపలి పెట్టెలు నేడు చాలునని మేమనుటకు హేతువు చెప్పవలెను. 2022 చివర హెలిక్స్ యంత్రమునకు ఆ కంపెనీవారు ఉచితముగా ఇచ్చిన మార్పులో క్రొత్తగా మచ్చు తీసిన లోపలి పెట్టెలు వచ్చినవి. తెరపై మైకును వ్రేలితో త్రిప్పి, నడిబొడ్డునుండి అంచుకు, దగ్గరనుండి దూరమునకు జరుపుకొనవచ్చును. పాత పెట్టెలలో మైకును నడిబొడ్డునుండి అంచుకు జరుపుటకు వీలులేక మేకు కొట్టినట్లుండెను. బయట మచ్చులు కొనుటకు ముఖ్యకారణము ఆ మేకే. మేకు ఊడినది గదా!

మా అంగడిలో మేమొక పని చేసితిమి. ముగ్గురు గిటారు వాయించు పిల్లలను వెనుకకు తిరిగి కూర్చుండబెట్టి, ఒకే పాట ముక్కను లోపలి పెట్టెతోను, కొన్న మచ్చుతోను వినిపించితిమి. మొదట కొన్న మచ్చే మేలన్నారు. కారణము వెదకగా అది కొంచెము బిగ్గరగా నున్నది. మనుష్యుని చెవికి బిగ్గరైనది మంచిదిగా తోచుట సహజము. టీవీలమ్మువారు అంగడిలో ధ్వనిని ఎందుకు పెంచి పెట్టుదురో ఆలోచింపుడు. రెంటిని సరిసమానముగా తూచి వినిపింపగా ఒకరు ఇటు, ఒకరు అటు, మూడవవాడు తెలియదన్నాడు. ఇది శాస్త్రపరీక్ష కాదు. త్రాసు సరిచేయక బేరమాడరాదని మాత్రము మాకు దృఢమైనది.

నిజము చెప్పవలెను గనుక లోపము కూడ చెప్పుచున్నాము. మచ్చు మూట కాదు. స్పీకరును మిక్కిలి గట్టిగా మ్రోగించినపుడు దాని కాగితము అలసి, అణగి, చిట్లినట్లు పలుకు ధ్వని మచ్చులో పట్టుబడదు. మచ్చు మెల్లగా వాయించినను, గట్టిగా వాయించినను ఒకేరీతిగా బదులు పలుకును. ఆ కొరతను పూరించుటకు కొన్ని యంత్రములలో వేరు లెక్కలున్నవి. అదిగాక నాలుగు స్పీకర్ల పెట్టె వెనుకనుండి పంచెను కదలించు గాలి మైకుసెట్టులో రాదు. మచ్చు ఇచ్చునది మైకు విన్న పెట్టెను, గదిలో నిలిచినవాడు విన్న పెట్టెను కాదు. పెద్ద యాంప్లిఫయరు కోరు యువకుల ఆశ వట్టిది కాదు. కాని ఆ సుఖము వాయించువానికి, వాని వెనుక నిలిచినవానికి మాత్రమే. సభలోని మూడువందలమందికి వినబడునది ఎట్లైనను మైకుసెట్టే. 36 కిలోల పెట్టెను మేడపైకి మోయుటకు సంఘధనము వెచ్చింపజాలము.

మన భవనమునకు సంబంధించి నాలుగు మాటలు. లోపలి పెట్టెలో ‘లో కట్’, ‘హై కట్’ అను రెండు త్రిప్పుడులుండును. మొదటిదానిని 80, 100 నడుమ, రెండవదానిని 6,000 దగ్గర పెట్టి ఆరంభింపుడు. మన హాలు రేకు కప్పుది గనుక ఇంకను తగ్గింపవలసి వచ్చును. రెండు మైకులుగల అమరికను వేదికపై వాడకుడు. రెండింటి దూరములో 17 సెంటీమీటర్ల భేదమున్న అర మిల్లీసెకను జాగు కలిగి, 1,000 కంపనముల దగ్గర ఒకటి రెండవదానిని మ్రింగివేయును. గిటారు ఉన్నను లేనట్లుండును. ఇంటిలో మెల్లగా విని కుదిర్చిన అమరికను వేదికపై నమ్మకుడు. మెల్లని ధ్వనిలో అడుగుస్వరమును, కొసస్వరమును మన చెవి తక్కువగా వినునని ఫ్లెచరు, మన్సను అను శాస్త్రజ్ఞులు 1933లోనే చూపిరి. ఇంటిలో పెంచుకొన్న అడుగు ఇచ్చట ఉరుమగును. మిక్సరులో ఆ తీగకు 48 వోల్టుల మీటను ఆపియుంచుట మంచిది.

పెద్దలతో ఒక మాట. పాలకొల్లులో 1969లో పుట్టి మద్రాసులో స్థిరపడి 2014లో కాలధర్మము చెందిన మాండలిన్ శ్రీనివాస్ మనవాడే. పరదేశపు వాద్యము, అందులోను విద్యుత్తుతో నడుచునది, కర్ణాటక సంగీతమునకు తగునా యని మొదట సందేహించినవారుండిరి. అతడు దానికి అయిదు తంతులు బిగించి, విద్యుత్తుతోనే గమకములు పలికించెను. 1998లో ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చినది. తీగ చివర స్పీకరు ఉన్నదని ఆ వాద్యము మనది కాకపోలేదు. మన పిల్లలందరు శ్రీనివాసులగుదురని మేము చెప్పుట లేదు. తెలుగు పాట పాడుటకు వచ్చిన పిల్లవానిని వాద్యమును చూచి పంపివేయకుడని మాత్రము అడుగుచున్నాము. ఇంటిలో తమిళము, బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడము వినుచు పెరుగు పిల్లలకు తెలుగుపై మనసు పుట్టించు తలుపులు మనకు ఎన్ని యున్నవి? ఉన్నవాటిలో నొకదానిని మనమే మూసికొనుచున్నాము.

కార్యవర్గమునకు మా సూచనలు ఇవి. విదేశపు యాంప్లిఫయరు కొనవలదు. మచ్చుల మూటలు కొనవలదు. యువకులవద్ద నున్న మోడలర్లు రెండును చాలును. ఆ ధనముతో మైకుసెట్టుకు మంచి స్పీకర్లు జత కొందము. అవి ఉపన్యాసమునకు, హరికథకు, బాలల నాటకమునకు, గిటారుకు అన్నిటికి పనికివచ్చును. మేము ఆ సరకు అమ్మువారము గనుక మా అంగడినుండి కొనరాదని మేమే కోరుచున్నాము. మూడు చోట్ల ధరలు తెప్పింపుడు. మిక్సరు ప్రక్క గోడపై ‘మైకుసెట్టుకు కలిపిన లోపలి పెట్టె నడువవలెను, గిటారు పెట్టెకు కలిపిన ఆగవలెను’ అని తెలుగులో వ్రాయించి అతికింపుడు. వ్రాయించు ఖర్చు మాది.

ఆ పిల్లవాని యింటికి రేపు సాయంకాలము మేము వెళ్ళుచున్నాము. అతనితో నాడు మాటలాడిన పెద్దలలో ఒక్కరైనను మాతో రావలెనని ప్రార్థన. వచ్చినయెడల, ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు ఈ హాలులోనే అతని గిటారును మైకుసెట్టుకు కలిపి, మీట ఆపియు, మీట నొక్కియు అందరికి వినిపింతుము. లేచిపోయిన అవ్వ లిద్దరికిని ముందు వరుసలో కుర్చీలు వేయించియుందుము.